దీవుల దారికి వేసిన షెడ్యూలు

ఉద్యోగం గురించి రాయమంటే మావాళ్ళు ఉత్పత్తిలో సాధించిన రికార్డుల గురించో, ప్రమాదం తప్పించిన రోజు గురించో రాస్తారు. నా దగ్గరా అలాంటివి రెండు మూడు ఉన్నాయి. వాటిని సన్మాన సభల్లో ఇప్పటికే చాలాసార్లు చెప్పాను, వినేవాళ్ళు అలసిపోయారు. కొత్తగా డ్యూటీలో చేరుతున్న మీకు నేను చెప్పదలచుకున్నది ప్లాంటు బయట జరగవలసిన ఒక ప్రయాణం గురించి. దాన్ని మేం ప్లాంటు లోపల కూర్చుని తయారు చేశాం. అందుకే అది జరగలేదని నా అనుమానం.

నేను భిలాయి స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. మా తాతగారికి శ్రీకాకుళం సముద్రపు ఒడ్డున ఊళ్ళుండేవి. మా నాన్నగారి కాలానికి ఇంటి తలుపులతో సహా వేలంలో పోయాయి. ఆయన భిలాయి వచ్చి, ప్లాంటు కూలీలు ఉండే క్యాంప్ 1లో ఒక గదిలో కాపురం పెట్టారు. ఆ గదిలో కూడా మమ్మల్ని గోడకి ఆనుకుని కూర్చోనిచ్చేవారు కాదు. గోడకి ఆనడం అలవాటైతే తరవాత మనుషులకి ఆనడం మొదలవుతుందని ఆయన నమ్మకం. ఈ వయసులో కూడా నేను కుర్చీలో వెనక్కి వాలను. ఇప్పుడు నేనుంటున్న కోహ్కాలో మా వీధి పిల్లలు దీని మీద జోకులు వేసుకుంటారని నాకు తెలుసు.

ఓవెన్ల పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. పుస్తకాల అరలో పుస్తకాల్లా, ఎత్తుగా సన్నగా ఉండే ఇటుక గదులు వరసగా ఉంటాయి. ఆ వరసనే బ్యాటరీ అంటాం. బొగ్గుని పైనుంచి నింపి, గాలి తగలకుండా దాదాపు ఒక పగలూ రాత్రీ కాలుస్తాం. కాలిన దాన్ని, అంటే కోక్‌ని, ఒక పక్కనుంచి పుషర్ కారు పొడవాటి ఇనప చేత్తో నెడుతుంది, ఆ చేతినే ర్యాము అంటాం. అవతలి పక్క గైడ్ కారు దాన్ని పట్టుకుని కిందికి దింపుతుంది. మా పనిలో అందరికంటే ముందు నేర్పే మాట ఒకటే: పచ్చి ఓవెన్ తొయ్యకూడదు. లోపల పూర్తిగా పండకుండా నెడితే పొగ, మంట, ఒక్కోసారి మొత్తం ఇరుక్కుపోతుంది. తొందరపడేవాడు ఓవెన్లలో పనికిరాడు. ఆగడం తెలిసినవాడే మంచి పనివాడు. మా షిఫ్టులో ఆగడం అందరికీ బాగా తెలుసు.

మా పుషర్ కారు నడిపే మనిషి వాళ్ళది మా తాతగారి ఊళ్ళలో ఒకటి. తరతరాలుగా సముద్రం మీద బతికిన కుటుంబం. బ్యాటరీ మీద అందరూ నన్ను సర్‌జీ అనేవారు, ఇతనొక్కడూ బాబూ అనేవాడు. అలా పిలవొద్దని ఒకసారి గట్టిగా చెప్పాను. "అలాగే బాబూ" అన్నాడు. ఆ తరవాత నేను ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట వినడం నాకు బాగుండేది. మా ఇంటిపేరు విని ఎవరైనా ఒక క్షణం ఆగే చోటు భూమ్మీద అదొక్కటే మిగిలింది.

సర్వీసంతా అతను ఆ పట్టాల మీదే ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి బండి నడిపాడు. పైన బొగ్గు నింపే చార్జింగ్ కారు నడిపేవాడు రైల్వే కుటుంబంవాడు, వెటకారం ఎక్కువ. "ఇన్నేళ్ళు నడిపావు, పక్కనున్న దుర్గ్ కూడా చేరలేదు కదయ్యా" అని అతన్ని ఏడిపించేవాడు. పుషర్ మనిషి నవ్వి ఊరుకునేవాడు.

అతని భార్య పుట్టింది అండమాన్లలో. ఆవిడ అమ్మానాన్నలు కూడా మా శ్రీకాకుళం ఒడ్డువాళ్ళే, చేపల వేటకి వెళ్ళి ఉత్తరాన మాయాబందర్‌లో స్థిరపడ్డారు. చుట్టాల ద్వారా సంబంధం కుదిరి ఆవిడ భిలాయి వచ్చింది. సముద్రం మధ్యనుంచి ఈ ఎర్ర దుమ్ములోకి. తొలి కాన్పుకి ఒకసారి పుట్టింటికి వెళ్ళింది, మళ్ళీ వెళ్ళలేదు. తల్లీ తండ్రీ పోయాక ఒక అన్న మిగిలాడు. ఆవిడ వండిన చేపల పులుసు క్యారియర్‌లో మా షిఫ్టుకి వచ్చిన రోజు క్యాంటీన్‌కి ఎవరూ వెళ్ళేవారు కాదు. నేను వాళ్ళింటికి వెళితే ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి వేసేది. అది కూడా వద్దని చెప్పాను. అది కూడా ఎవరూ వినలేదు.

దీపావళి వెళ్ళాక ఒకరోజు పుషర్ మనిషి టీ దగ్గర సంగతి బయటపెట్టాడు. ఆవిడకి చాలాకాలంగా గుండె జబ్బు. డాక్టరు ఇక ఆపరేషన్ కుదరదన్నాడట. పుట్టిల్లు చూడాలని ఉందని ఆవిడ అడిగితే, ఈ చలికాలంలో తీసుకెళ్ళండి, ఎండాకాలం సంగతి నేను చెప్పలేను అన్నాడట. అతను ఎప్పుడూ విమానం ఎక్కలేదు. జబ్బు మనిషిని పెట్టుకుని ఒక్కడే అంత దూరం ఎలా వెళ్ళాలో తెలియక మా ముఖాలు చూశాడు.

మా షిఫ్టులో ఒక పద్ధతి ఉండేది. పెళ్ళికైనా చావుకైనా తీర్థానికైనా ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. మేం వస్తాం అన్నాం. ప్రయాణానికి కంపెనీ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ అందరికీ ఉంది. గైడ్ కారు నడిపేవాడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు కంటే హిందీ సుళువు, ఫోన్లో అప్పటికప్పుడు వీడియో తీశాడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరానికి దీవుల మీదుగా ఒకే రోడ్డు. ఒక దీవి అయిపోతే బండినే పడవ మీద ఎక్కించి అవతలి దీవికి చేరుస్తారు, ఇంకోచోట వంతెన ఉంది. ఆ రోడ్డు మాయాబందర్ మీదుగానే పోతుంది. విశ్రాంతి గది రేకు గోడ మీద, ఓవెన్ తలుపుల మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో దీవులు గీశాడు. ఒకదాని మీద ఒకటి, నిలువుగా, అచ్చం మన బ్యాటరీలాగే ఉన్నాయి.

"రోడ్ ఏక్‌దమ్ మస్త్ ఉంది సర్‌జీ. ఎడం పక్క కొండ, కుడి పక్క సముద్రం."

"ఎక్కడి నుంచి?" అని చార్జింగ్ కారు అతను అడిగాడు.

"రంగత్ తరవాత."

"దానికి ముందు?"

"జంగల్."

"అంటే సగం దారి అడవిలో తిప్పి, సముద్రపు రోడ్డు అని టికెట్ కోస్తావన్నమాట. నీకంటే మా రైల్వే నయం."

ఆ అడవి భాగంలో ఆదిమవాసులు ఉంటారనీ, బండ్లు పోలీసు కాపలాతో వరసగా పోవాలనీ, ఆగకూడదనీ, ఫోటోలు తియ్యకూడదనీ ఆ వీడియోలోనే చెప్పారు. అయినా అద్దంలోంచి చూడొచ్చు కదా అని ఎవరో అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ దారిలో కిటికీ తెరలు వేసుకుని కూర్చుంటాం అన్నాను. మా ఇంటి సామాను వీధిలో పెట్టి వేలం పాడిన రోజు పక్క ఊళ్ళనుంచి కూడా జనం చూడటానికి వచ్చారని మా నాన్నగారు చెప్పేవారు. ఊరికే చూడబడటం ఎలా ఉంటుందో మా రక్తంలో ఉంది.

ప్రయాణం ఎలా జరగాలో చాలావరకు నేనే చెప్పాను. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ కాదనలేదు. మా మేనత్త గొప్ప రోజుల్లో పుట్టింటికి వస్తే ఊరి పొలిమేర దగ్గర మేళం ఉండేదట. నేను చూసిన మేనత్త మాత్రం ఎడ్లబండిలో, దీపాలు పెట్టే వేళ దాటాక, వెనక వీధిలోంచి వచ్చింది. ఆడపడుచు అలా రాకూడదని చిన్నప్పుడే నాలో ఒక పట్టుదల పడిపోయింది. కాబట్టి పుషర్ మనిషి భార్య పుట్టింటికి బస్సు దిగి నడిచి వెళ్ళకూడదు. పెద్ద కారు మాట్లాడాలి. వెనక సీటు ఆవిడ పడుకోవడానికి వదిలెయ్యాలి. అన్నకీ వదినకీ బట్టలు, పిల్లలకి స్వీట్లు ఇక్కడినుంచే పట్టుకెళ్ళాలి. భర్త తరఫు మనుషులు వెనక నిలబడాలి. ఆవిడ అలసిపోకుండా దారిలో రెండు చోట్ల ఆగాలి, ఆగిన చోట సముద్రం కనబడాలి. సుద్దముక్క గీతల మీద ఒక్కొక్క మజిలీ చేరుతూ వచ్చింది.

ఇక్కడే మా పనివాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటు మొదలైంది. ఓవెన్లని మేం ఒకటి, రెండు, మూడు అని వరసలో నెట్టం. పక్కపక్క ఓవెన్లని వెంటవెంటనే ఖాళీ చేస్తే మధ్య గోడ తట్టుకోలేదు. అందుకని కొన్నింటిని వదిలి కొన్నింటిని నెట్టే లెక్క ఒకటి ఉంటుంది. సెలవులకి కూడా మేం అదే లెక్క వాడేవాళ్ళం. పుషర్ మనిషీ గైడ్ కారు మనిషీ ఒకేసారి వెళ్ళకూడదు, ఎందుకంటే ఓవెన్‌కి ఇవతల ఒకరు, అవతల ఒకరు, ఒకరి పని తీరు ఇంకొకరికి తెలియాలి. కాని ఈ ప్రయాణానికి ఇద్దరూ కావాలి, ఫోన్లో దారి చూసేది గైడ్ కారు మనిషే కదా. అందుకని వేరే షిఫ్టువాళ్ళకి మా జంట పని నేర్పడం మొదలుపెట్టాం. వాళ్ళు ఊ అనేసరికి చార్జింగ్ కారు అతని ఇంట్లో ఏదో శుభకార్యం వచ్చింది. డిసెంబర్ వెళ్ళిపోయింది. జనవరిలో వెళదాం అన్నాం. జనవరిలో గైడ్ కారు మనిషి అబ్బాయికి పరీక్షలు. అతన్ని వదిలేసి వెళదామని పుషర్ మనిషి ఒక్కసారీ అనలేదు. మేమూ అనలేదు. పూర్తిగా కుదిరాకే కదలాలి. పచ్చిగా కదిలితే పాడవుతుంది. ఈ మాట పైకి ఎవరూ అనలేదు గాని మా అందరి చేతుల్లో ఉంది.

సంక్రాంతి దాటాక మేమందరం క్యాంప్ 1లో వాళ్ళింటికి వెళ్ళి ఆవిడకి ప్రయాణమంతా చెప్పాం. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. గైడ్ కారు మనిషి వీడియో చూపించాడు. ఆవిడ కాసేపు చూసి నవ్వింది.

"ఇదేటి, ఈ దారి నానెప్పుడూ సూడనేదు. మమ్మల్ని ఓడ మీద తెచ్చీవోరు. మాయమ్మకి వాంతులయ్యీవి."

దారిలో ఎక్కడెక్కడ ఆగుతామో నేను వివరించాను. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"ఇన్ని చోట్ల ఆగడమెందుకు బాబూ? మాయన్నియ్యిల్లు ఆ కొసనున్నాది కదా."

"నీ కోసమేనే, నువ్వలిసిపోకుండా" అన్నాడు భర్త.

"అలిసిపోతే ఆల్లింట్లోనే తొంగుంటాను. నాకు రోడ్డు అక్కరనేదు."

అందరం నవ్వాం. ఆడవాళ్ళకి పుట్టిల్లు ఉంటే చాలు అని ఎవరో అన్నారు. మర్నాడు టీ దగ్గర, ఆవిడ బాగా నీరసంగా ఉంది, ఇంకో మజిలీ పెడితే మంచిది అనుకున్నాం. పెట్టాం.

ఫిబ్రవరిలో పుషర్ కారు మరమ్మతుకి వచ్చింది. ఇంకో బ్యాటరీ బండితో పని నడిపిస్తున్నప్పుడు అలవాటైన మనిషి లేకపోతే కష్టమని అతనే అన్నాడు. మార్చి అంటే ఉత్పత్తి లెక్కలు ముగించే సంవత్సరాంతం. మార్చిలో సెలవు అడగొద్దని మాకెవరూ చెప్పలేదు, మా షిఫ్టు అడగదు, అంతే. అది మా పరువు. ఏప్రిల్ మొదటివారానికి విమానం టికెట్లు తీశాం. దారి మధ్యలో ఆగడానికి రంగత్‌లో గదులు కూడా మాట్లాడాం. ఆ సాయంత్రం పుషర్ మనిషి అందరికీ సమోసాలు తెప్పించాడు.

హోలీకి కొంచెం ముందు, ఉదయం షిఫ్టులో, ఆఫీసు ఫోనుకి వాళ్ళ వీధినుంచి కబురొచ్చింది. యంత్రాల మీద సొంత ఫోన్లు ఉండవు కాబట్టి నేనే వెళ్ళి చెప్పాలి. పుషర్ వైపు మెట్లు ఎక్కి నడిచాను. ఇన్‌చార్జి ఆ వేళప్పుడు అటు రాడు. పుషర్ మనిషి క్యాబిన్ అద్దంలోంచి నన్ను చూశాడు. చూడగానే అతనికి తెలిసిపోయింది. అయినా లివరు మీద చెయ్యి తియ్యలేదు. ర్యాము ఓవెన్ లోపల ఉంది. దాన్ని ఆ వేడిలో వదిలి దిగిపోతే వంగిపోతుంది, ఓవెన్ పోతుంది.

"ర్యాము లోపలున్నాది బాబూ" అన్నాడు.

నేను నిలబడ్డాను. అతను నెట్టడం పూర్తిచేశాడు. అవతల కోక్ కూలిన శబ్దం అయింది. ర్యామును మెల్లగా వెనక్కి తీశాడు, తలుపు బిగించాడు, బండిని తన చోట ఆపాడు. అప్పుడు దిగి నా ముందు నిలబడి, హెల్మెట్ తీశాడు. నేను చెప్పవలసిన మాట చెప్పాను. అతను తలూపి, తరవాతి ఓవెన్ ఏదో గైడ్ కారు అతనికి నన్ను చెప్పమన్నాడు. నేను అవతలికి వెళ్ళి చెప్పాను.

పెద్దకర్మకి ఆవిడ అన్న వచ్చాడు. మాయాబందర్ నుంచి బస్సులో పోర్ట్ బ్లెయిర్, అక్కడినుంచి విమానం, తరవాత రైలు. నల్లటి, పొట్టి మనిషి, ఎండకి ముడతలు పడిన మెడ. వాళ్ళ వీధిలో వేసిన షామియానా కింద మేమందరం కూర్చున్నాం. భోజనాలు అయ్యాక అతను బావ పక్కన చాపమీద కూర్చుని, అందరికీ వినబడేటట్టే అడిగాడు.

"నెలనెలా ఫోన్ సేసి వస్తన్నాం అన్నియ్యా అనీది. జబ్బని సెప్పనేదు. సెప్తే నానే ఒచ్చీసీవోడిని కదా బావా. మరి మీరేల రానేదు? ఏటంత దూరం? తెల్లారకుండా బస్సెక్కితే సాయంత్రానికి మాయింటికాడ దిగీవోరు."

పుషర్ మనిషి తల దించుకుని, "సెలవు దొరకనేదు బావా" అన్నాడు.

అది మమ్మల్ని కాపాడటానికి చెప్పిన అబద్ధం. కాని ఆ అన్నకి అది తెలియదు. చుట్టూ చూసి, "సెలవిచ్చీవోరు ఎవులు?" అని అడిగాడు.

నేను లేచి నిలబడ్డాను. "నేను" అన్నాను.

అతను నన్ను కింద నుంచి పై దాకా చూశాడు. కోపంగా కాదు, అర్థం చేసుకోవాలన్నట్టు. "మీకు అప్పసెల్లెల్లు నేరా బాబూ?" అన్నాడు.

బాబూ అన్నాడు. ఆ ఒడ్డు మనిషే కాబట్టి ఆ పిలుపు నోట్లోనే ఉంది. దాన్ని అంత బరువుగా నేనెప్పుడూ వినలేదు. "ఉన్నారు" అన్నాను. ఇంకా చెప్పడానికి ఏముంది, మేళంతో పంపిద్దామనుకున్నాం అని చెప్పాలా?

పుషర్ మనిషే అడ్డం వచ్చాడు. "ఆయన్ననకు బావా. సెలవు ఆయన ఎప్పుడో ఇచ్చీసేరు. ఈల్లందరూ మాతో వద్దామనుకున్నారు. దాన్ని బాగా తీసుకొద్దామని..." గైడ్ కారు అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక మాట విసిరే చార్జింగ్ కారు అతను లేచి మంచినీళ్ళ గ్లాసులు ఏరసాగాడు.

అన్న, బావ భుజం మీద చెయ్యి వేసి, సరే, ఇప్పుడు నాతో రా, కొన్నాళ్ళుండి వద్దువుగాని అన్నాడు. మేమందరం ఒక్కసారే అవునవునన్నాం. టికెట్లు ఉన్నాయి, తేదీ మార్పిద్దాం, సెలవు ఉంది, ఎవరూ వెంట రానక్కరలేదు, రేపే వెళ్ళు అన్నాం. ఇంత తొందర మాలో ఉందని మాకే తెలియదు.

"అది నేకుండా నానా ఊరికి ఏటని ఎల్తాను?" అన్నాడు పుషర్ మనిషి. "అల్లుడినని ఎల్లాల. అల్లుడినెలగవుతాను ఇప్పుడు?"

ఆ మాటకి జవాబు ఒక్కరి దగ్గర ఉండాలి, అది నా దగ్గర. మా తాతగారి ఊరు భిలాయికి ఒక రాత్రి రైలు దూరం. రైలు దిగి ఆటో ఎక్కితే గంట. నేను వెళ్ళలేదు. ఏమని వెళ్ళాలో తెలియక వెళ్ళలేదు. మా వాళ్ళు అప్పుడప్పుడు అడిగితే పని ఉందని చెబుతాను. రిటైరయ్యాక కూడా పని ఉందనే చెబుతున్నాను. అతన్ని వెళ్ళమని గట్టిగా చెప్పగలిగే అర్హత అక్కడున్నవాళ్ళలో నాకొక్కడికే లేదు. అతను వెళ్ళలేదు. టికెట్లు రద్దు చేశాం. ఏప్రిల్ మొదటివారంలో మేమందరం డ్యూటీలోనే ఉన్నాం. ఆ ఏడాది మా షిఫ్టుకి మంచి పేరు వచ్చింది, దాని గురించి కూడా నేను సభల్లో చెప్పాను.

మీకు సలహా ఇవ్వడం నా ఉద్దేశం కాదు. ఓవెన్ని పచ్చిగా తొయ్యకండి, అది ఇప్పటికీ సరైన మాటే. మనుషుల విషయంలో పండటం అనేది ఎప్పుడవుతుందో మాకు ఎవరూ నేర్పలేదు, మీకు ఎవరైనా నేర్పితే నేర్చుకోండి.

ఆ అన్నని రైలెక్కించడానికి దుర్గ్ స్టేషన్‌కి నేను వెళ్ళాను. వెళ్ళమని ఎవరూ అడగలేదు. ప్లాట్‌ఫారమ్ మీద ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. అతని చేతిలో చెల్లెలి చీర ఒకటి కవర్లో ఉంది. నా మీద అతనికి కోపం ఉన్నట్టు అనిపించలేదు, ఉంటే నాకు సుళువుగా ఉండేది. రైలు కనబడుతుండగా నా వైపు తిరిగాడు.

"గది సున్నం కొట్టించి ఉంచింది మాయావిడ. మూడుసార్లు కొట్టించింది. మీలో ఎవులైనా రండి బాబూ. ఒకల్లన్నా ఒచ్చి అందులో తొంగుంటే బాగుంటాది."

"వస్తాం" అన్నాను.

ఆ మాట అతను చెల్లెలి నోట నెలనెలా విన్నాడు. తలూపి, రైలెక్కాడు.